పూజలో పెట్టే పాత వెండి నాణెం, మీద అరబిక్ రాత. ఎవరిదో చెప్పగలరా?

అందరికీ నమస్తే. మాది వైజాగ్ వన్‌టౌన్. అమ్మమ్మ లక్ష్మీపూజలో పెట్టే వెండి నాణేల్లో ఒకటి తేడాగా ఉంది, పది రూపాయల బిళ్ళంత సైజు గానీ బాగా మందం, బొమ్మ లేదు, రెండువైపులా అరబిక్ అక్షరాలే. ఒకవైపు గుండ్రటి గీతలో మూడు లైన్లు, దాని చుట్టూ ఇంకో రాత ఉంది గానీ సగం అంచు దాటిపోయింది. కురుపాం మార్కెట్లో తూకం వేయిస్తే 10.7 గ్రాములు వచ్చింది, షాపాయన కరిగించేద్దామా అన్నాడు. మా బావేమో లక్షలొస్తాయి అంటున్నాడు. పసుపు కుంకుమ గట్టిగా పట్టేసింది, చింతపండుతో తోమొచ్చా? ఫొటో కూడా పెడుతున్నా.

జవాబు 1:
తోమకండి బాబూ! చింతపండు, విభూతి, టూత్‌పేస్టు ఏవీ వద్దు. మామూలు నీళ్ళలో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దండి చాలు. వెండి మీద ఏళ్ళుగా పట్టిన నల్లదనం పోతే కొనేవాడు మొహం చూడడు.

జవాబు 2:
ఫొటో చూశానండి. ఢిల్లీ సుల్తాన్ల టంకా (అప్పటి వెండి నాణెం), అల్లావుద్దీన్ ఖిల్జీది (1296–1316). గీత లోపల పై లైను "సికందర్ అల్ సానీ", అంటే రెండో అలెగ్జాండర్‌నని ఆయన గొప్ప. నాకు అసలు ముచ్చటేసేది ఇదే. అంతకుముందు ఆ చోట బాగ్దాద్ ఖలీఫా (ముస్లింల మతాధిపతి) పేరుండేది, 1258లో మంగోలులు ఆ ఖలీఫాని చంపేశాక కూడా ఢిల్లీలో బల్బన్, జలాలుద్దీన్ ఖిల్జీ చచ్చిపోయినాయన పేరే కొట్టించుకుంటూ వచ్చారు, అల్లావుద్దీన్ వచ్చి దాన్ని తీసేసి తన బిరుదులు పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్న రాతలో టంకశాల (నాణెం కొట్టిన చోటు), హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరం ఉంటాయి, అదీ అంకెల్లో కాదు అక్షరాల్లో. అచ్చు కన్నా బిళ్ళ చిన్నది కాబట్టి ఆ భాగం సగం పడదు, మీది అరిగిపోయి కాదు.

జవాబు 3:
బరువు టంకాకి సరిపోయిందని నమ్మేయకండి, పోత పోసిన నకిలీలు బోలెడు. భూతద్దంతో అంచు చూడండి, చుట్టూ సన్నటి అతుకు గీత గానీ అక్షరాల మధ్య సూదిమొనంత గుంటలు గానీ ఉంటే అనుమానమే. ఇంకోటి, ఫొటోలో పైన టంకం మచ్చ ఉంది, ఎప్పుడో కొక్కెం అతికించి మెళ్ళో వేసుకున్నట్టున్నారు. దాంతో రేటు పడిపోతుంది. అసలే అల్లావుద్దీన్ టంకాలు విరివిగా దొరుకుతాయి, లక్షలు మర్చిపొమ్మని బావగారికి చెప్పండి.

అడిగినవారు:
అతుకు గీత లేదండి. 1310లో అల్లావుద్దీన్ సేనాని మాలిక్ కాఫర్ ఓరుగల్లు నుంచి పట్టుకెళ్ళిన వెండితో కొట్టిందై ఉంటుందా?

జవాబు 2:
ఆ కథ అల్లకండి, నాణెం చూసి వెండి ఎక్కడిదో చెప్పలేం. సంవత్సరం అక్షరాలు ఏమైనా మిగిలాయేమో, పక్కనుంచి లైటు పడేలా అంచు ఫొటో తీసి పెట్టండి, చదువుదాం. అమ్మాలనుకుంటే మాత్రం విదేశాల వాళ్ళకి పోస్టులో పంపకండి, నూరేళ్ళు దాటిన నాణేలు దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం.