పాత డబుల్ డెక్కర్లను మళ్లీ రోడ్డెక్కించడం కుదిరే పనేనా?

ప్రశ్న (సికింద్రాబాద్ నుంచి):
7జడ్ నంబరు డబుల్ డెక్కర్ బస్సు ఎక్కి జూపార్కుకు వెళ్లిన తరం మాది. పైన ముందు సీటు దొరికితే ట్యాంక్‌బండ్ మీద సాగర్ మొత్తం మనదే. 2023లో వచ్చిన ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు బాగున్నాయి కానీ, నేనడిగేది ఆ పాత బండి గురించే. లండన్‌లో పాత బస్సులనే ఒక రూట్లో తిప్పారట. మన దగ్గర సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా అలా పెట్టొచ్చా?

జవాబు 1:
రూల్సే పెద్ద అడ్డు. 15 ఏళ్లు దాటిన ఆర్టీసీ బస్సులకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు. 50 ఏళ్లు దాటిన బళ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చారు గానీ, అది సొంత బళ్లకే. వాటితో కిరాయి వ్యాపారం చేయకూడదు.

జవాబు 2 (లండన్‌లో ఉద్యోగం చేసినప్పుడు అక్కడి 15 నంబరు పాత బస్సులో తిరిగినవాణ్ణి):
అక్కడ రూట్‌మాస్టర్లను, అంటే ఆ పాత డబుల్ డెక్కర్ బస్సులను, మామూలు రూట్ల నుంచి 2005 డిసెంబర్‌లో తీసేశారు. 9, 15 నంబర్లలో మాత్రం కొంత దూరానికి ఉంచారు. 15 అయితే టవర్ హిల్ నుంచి సెయింట్ పాల్స్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ వరకు. నాకు అన్నిటికంటే నచ్చింది, దాన్ని టూరిస్టు బండి చేయకపోవడం. అదే నంబరు, అదే మామూలు టికెట్. ఆఫీసుకు పోయేవాళ్లూ ఎక్కేవాళ్లు. వీల్‌చెయిర్ ఎక్కే వీల్లేదు కాబట్టి వెనకాలే లోఫ్లోర్ బస్సులూ నడిచేవి. మనం పెట్టినా ఇది మరవకూడదు.

ఆ రూట్‌మాస్టర్‌లో డ్రైవర్ ముందువైపు విడి క్యాబిన్‌లో ఒక్కరే కూర్చుంటారు. వెనక తలుపు ఉండదు, ఎక్కడానికి ప్లాట్‌ఫామ్, పట్టుకోవడానికి కడ్డీ. కండక్టర్ పైనున్న తాడు లాగితే డ్రైవర్ దగ్గర గంట మోగుతుంది. ఒకటైతే ఆపమని, రెండైతే పోనిమ్మని. మన కండక్టర్ల 'హోల్డాన్', 'రైట్ రైట్' పనే అది.

ప్రశ్న అడిగినవారు:
మరి ఎందుకు ఆపేశారండీ?

జవాబు 2:
ఖర్చండీ. బస్సుకు ఇద్దరు సిబ్బంది, పైగా పాత బండి మెయింటెనెన్స్. 9ని 2014లో తీసేశారు. 15ను 2019లో సీజన్‌కే కుదించి, 2021లో పూర్తిగా రద్దు చేశారు. అన్నాళ్లు నడవడమే గొప్ప. ఆ బళ్లకు అల్యూమినియం బాడీ, విప్పి ఓవర్‌హాల్ చేయడానికి వీలుగా కట్టారు. మన పాత లేలాండ్ కంపెనీ డబుల్ డెక్కర్లు ఎన్ని మిగిలాయో, వాటి పనితనం తెలిసిన మెకానిక్కులు ఎవరున్నారో ముందు చూడాలి. నిజాం కాలపు ఆల్బియన్ బస్సును ఆర్టీసీ దాచిపెట్టింది కదా, అలాగే ఒక్క డబుల్ డెక్కర్‌ను బాగుచేయించి ఆదివారాలు నడిపినా చాలు. రూల్‌లో ఆ ఒక్కదానికి మినహాయింపు అడగడం దగ్గర మొదలుపెడదాం. అర్జీ రాస్తే నా సంతకం పెట్టుకోండి.