స్పంజికల నుంచి మందులు: ఇంకా సముద్రంలోంచి తీయాలా, ల్యాబ్‌లో చేసుకుంటే చాలదా?

వేణు_భీమిలి
మా అక్కకి రొమ్ము క్యాన్సర్, వేరే చోట్లకి కూడా పాకింది. ఇంతకుముందు ఇచ్చిన కీమోలు పనిచేయక డాక్టర్ గారు ఎరిబులిన్ మొదలుపెట్టారు. మొదటి రోజు ఒకటి, ఎనిమిదో రోజు ఒకటి, ఇరవై ఒక్క రోజులకి ఒక సైకిల్. సూది ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఈ మందుకి మూలం జపాన్ తీరంలో దొరికే నల్ల స్పంజిక (రాళ్లకి అంటుకుని బతికే సముద్రపు జీవి, స్పాంజ్) అని అక్కడి నర్సు చెప్తే ఇంటికొచ్చి రాత్రంతా చదివాను. మా వైపు బోట్ల వలల్లో స్పంజికలు పడుతూనే ఉంటాయి, చేపలు ఏరుకుని వాటిని ఒడ్డున పారేస్తారు, మధ్యాహ్నానికల్లా కంపు. వాటిలో ఇంకెవరి ప్రాణం నిలబెట్టే మందుందో! ప్రభుత్వం వీటిని పెద్ద ఎత్తున సేకరించాలని నా వాదన. మీరేమంటారు?

పద్మ_కెమిస్ట్రీ
వేణు గారూ, అక్క గారికి నయం కావాలి. కానీ "పెద్ద ఎత్తున" అన్న మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. 1980లలో జపాన్ శాస్త్రవేత్తలు 600 కిలోల స్పంజికని వడగట్టి, వేరుచేసి, మళ్లీ వేరుచేసి చివరికి క్యాన్సర్ కణాల మీద పనిచేసే హాలికాండ్రిన్-బి అనే రసాయనాన్ని తీస్తే చేతికొచ్చింది 12.5 మిల్లీగ్రాములు. మీ అక్కకి ఒక్క సూదిలో వెళ్లేది దాదాపు రెండు మిల్లీగ్రాములు. ఆ లెక్కన 600 కిలోలు ఊడబెరికితే ఒక మనిషికి మూడు సైకిళ్లు! 1992లో హార్వర్డ్‌లో కిషి అనే కెమిస్టు బృందం ఆ అణువు మొత్తాన్నీ ల్యాబ్‌లో కట్టింది, దానివల్లే అసలు పని చేసేది అందులో ఒక సగమేనని బయటపడింది. ఆ సగాన్ని సరిదిద్ది చేసిందే ఎరిబులిన్, అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. ఈ రోజు ఆ సీసాలో ఉన్న మందు కోసం ఎవరూ స్పంజికని కోయడం లేదు.

నరేష్_తీరం
పద్మ గారూ, మీరు చెప్పిందే నా పాయింట్. ఆ 12.5 మిల్లీగ్రాములు సముద్రంలోంచి రాకపోతే కిషి గారు దేన్ని కట్టేవారు? అలాంటి అణువు ఏ కెమిస్టుకీ కలలో కూడా తట్టదు. ఫ్లోరిడా స్పంజికలో బెర్గ్‌మన్ అనే కెమిస్టుకి దొరికిన న్యూక్లియోసైడ్లు (డీఎన్ఏని కట్టే ఇటుకల్లాంటి అణువులు) కూడా అంతే. వాటిలో మన డీఎన్ఏలో ఉండే చక్కెర కాకుండా అరాబినోజ్ అనే వేరే చక్కెర ఉందని 1950ల మొదట్లో తేలింది, ఆ దారిలోనే సైటరబిన్ పుట్టింది, 1969 నుంచి బ్లడ్ క్యాన్సర్ వార్డుల్లో వాడుతున్నారు. సముద్రానికి వెళ్లడం మానేస్తే రేపటి సైటరబిన్ ఎక్కడి నుంచి వస్తుందండీ?

పద్మ_కెమిస్ట్రీ
వెళ్లొద్దని నేను అనలేదు నరేష్ గారూ. నేను పీహెచ్‌డీ రోజుల్లో తమిళనాడు తీరంలోని మండపం అనే ఊరి దగ్గర స్పంజికలు సేకరించాను. అరచేతి అంత ముక్క కోసి, రాయికి అంటుకున్న మొదలు అలాగే వదిలేసేవాళ్లం, అది మళ్లీ పెరుగుతుందని. సీసాలో ఆల్కహాల్ పోసి ఉంచితే తెల్లారేసరికి ద్రవమంతా పసుపు, స్పంజిక పాలిపోయి ఉంటుంది, చేతులకి పట్టిన వాసన సబ్బుతో కూడా వదిలేది కాదు. మొదటి పరీక్షలకి ఆ ముక్క చాలు. పళ్లు లేవు, పెంకు లేదు, కదల్లేదు, కాబట్టి ఆ జీవి రసాయనాలతోనే తనని కాపాడుకుంటుంది, పైగా చుట్టూ ఉన్న నీళ్లని రోజంతా వడపోస్తూ ఉంటుంది. దాన్ని టన్నుల్లో తీసేస్తే అక్కడి సముద్రానికే నష్టం.

ఇంకో సంగతి. చాలా సందర్భాల్లో ఆ రసాయనాన్ని తయారు చేసేది స్పంజిక కాదు, దాని లోపల కాపురముండే బ్యాక్టీరియా. థియోనెల్లా స్వినోయి అనే స్పంజికలో దొరికే రకరకాల మందు అణువుల్లో దాదాపు అన్నిటినీ చేసేది ఎంటోథియోనెల్లా అనే బ్యాక్టీరియా అని 2014లో తేలింది. డబ్బు పెట్టాల్సింది ఆ రసాయనాల్ని చేయించే బ్యాక్టీరియా జన్యువుల మీద.

వలలో పడ్డవాటి గురించి వేణు గారికి: ఏ లోతులో, ఎక్కడ పడిందో తెలియదు, ఎండలో కుళ్లిపోయి ఉంటుంది. అందులో మంచిది దొరికినా మళ్లీ వెతకడానికి దారి ఉండదు.

సుధ_లాయర్
ఒక్క మాట. మన తీరం నుంచి ఏ విదేశీ కంపెనీ తీసుకెళ్లాలన్నా జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి, లాభంలో వాటా కూడా ఇవ్వాలి. ముక్క చిన్నదైనా ఇది వర్తిస్తుంది. ఆ వాటాలో జాలరి పేటలకి ఎంతో ముందే రాయించుకోవాలని నేను గట్టిగా అంటాను.

నరేష్_తీరం
జన్యువుల మీద పెట్టాలన్నది ఒప్పుకుంటున్నా. కానీ ల్యాబ్‌లో కట్టడం కూడా చౌక కాదు. డిస్కోడెర్మొలైడ్ అనే ఇంకో స్పంజిక మందుని నోవార్టిస్ అనే మందుల కంపెనీ ఎంతో కష్టపడి 60 గ్రాములు తయారు చేసింది, చివరికి ఊపిరితిత్తులకి హాని కనబడి ట్రయల్ ఆపేశారు.

వేణు_భీమిలి
పద్మ గారూ, మీరన్న ఎండ, లోతు సంగతి మా బోటు సరంగుకి చెప్పాను. జీపీఎస్ బోటులోనే ఉంది, లోతు కూడా తెలుస్తుంది, వల లాగగానే రాసి ఉంచడానికి మాకేం కష్టం లేదు అన్నాడు. ఆల్కహాల్ సీసాలు మీరు ఇప్పిస్తే, వేట నిషేధం జూన్ 14తో అయిపోయాక మొదటి ట్రిప్పులో ఎవరైనా స్టూడెంట్‌ని పంపండి, మా ఇంట్లోనే ఉండొచ్చు.

పద్మ_కెమిస్ట్రీ
వేణు గారూ, అలా అయితే నా అభ్యంతరం సగం పోయినట్టే. ఎలాగూ వలలో చచ్చేవాటిని తీసుకుంటే కొత్తగా కోసేది ఏమీ ఉండదు. అనుమతుల గురించి సుధ గారిని అడిగి మీకు మెసేజ్ పెడతాను. సీసాల మీద లేబుల్ పెన్సిల్‌తోనే రాయమనండి, ఆల్కహాల్ తగిలితే పెన్ను సిరా చెరిగిపోతుంది.