ప్రాక్టికల్స్‌లో వాడే మామూలు మనిషి బొమ్మ మీద నెమ్మదించే ఊపిరి చూపించేదెలా?

కావలిలో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో ఏడాది పిల్లలకు మూడు వారాలుగా ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి మందుల) ఓవర్‌డోస్ పాఠం చెబుతున్నాను. సూదిమొనంత కంటిపాపలు, తెలివి తప్పడం, నిమిషానికి 12 కంటే తక్కువ ఊపిరి... అడిగితే గడగడా అప్పజెబుతారు.

ప్రాక్టికల్‌కి వస్తే చూపంతా మానిటర్ మీదే. ఆక్సిజన్ పెట్టి ఉంటే, ఊపిరి పడిపోతున్నా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) కాసేపు 97 చూపించవచ్చని ఎంత చెప్పినా ఆ అంకె చూసి ఊరుకుంటున్నారు. మొన్న ఒకమ్మాయి బొమ్మ ఛాతీ మీద చెయ్యైనా వేయకుండా నలోక్సోన్ (ఓపియాయిడ్‌కి విరుగుడు మందు) ఆంపుల్ విరిచింది. ముందు బ్యాగ్ మాస్క్‌తో ఊపిరి అందించాలన్నదే మర్చిపోయింది. రేపు నిజం పేషెంటు దగ్గర ఇలాగే చేస్తారేమోనని నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

వీడియోలు చూపించాను. ఒక విద్యార్థినిని పడుకోబెట్టి నిమిషానికి 6 సార్లే ఊపిరి తీయమంటే, అర నిమిషానికే ఆయాసపడి లేచి కూర్చుంది. బొమ్మ చొక్కా కింద బీపీ కఫ్ పెట్టి బల్బు నొక్కాను. గాలి ఎక్కడం, దిగడం రెండూ ఆలస్యమే, పైగా బుస్సుమనే చప్పుడుకే అందరూ అటు చూస్తున్నారు. తనంతట తనే ఊపిరి తీసే బొమ్మ (సిమ్యులేటర్) కొనే స్తోమత మాకు లేదు.

కదలని బొమ్మ ఛాతీని నిమిషానికి 6 సార్లు, చప్పుడు లేకుండా లేచి దిగేలా తక్కువ ఖర్చుతో ఎవరైనా చేశారా? దేనితో, ఎలా చేశారు?