పెరోవ్‌స్కైట్‌పై ఎలక్ట్రాన్ రవాణా పొరగా ఎన్2200 పాలిమర్ సరిపోతుందా?

ప్రశ్న – పరిశోధక విద్యార్థిని:
నమస్కారం. గాజుపై ఐటీఓ (పారదర్శక వాహక పొర), దానిపై హోల్ (ఎలక్ట్రాన్ లేని చోట మిగిలే ధన ఆవేశం) రవాణా పొర, ఆపైన మిథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్ (కాంతిని గ్రహించే పెరోవ్‌స్కైట్), చివర వెండి ఉండే సౌరఘటాలపై పని చేస్తున్నాను. పెరోవ్‌స్కైట్‌కూ వెండికీ నడుమ అందరూ వాడే పీసీబీఎం (ఫుల్లరీన్ రకపు ఎలక్ట్రాన్ రవాణా పదార్థం) చిన్న అణువు కావడంతో, వేడి తగిలినప్పుడు అణువులు గుమిగూడి పొరలో ఖాళీలు ఏర్పడుతున్నాయి. దాని బదులు ఎలక్ట్రాన్లను మోసే పాలిమర్ ఎన్2200 వేద్దామనుకుంటున్నాను. ట్రాన్సిస్టర్లలో దీని ఎలక్ట్రాన్ మొబిలిటీ (ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే కొలత) 0.85 చ.సెం.మీ./వోల్ట్-సెకను వరకు వచ్చినట్లు 2009లో ప్రచురితమైంది. ఆ అంకె నా ఘటానికీ వర్తిస్తుందా? ఏ ద్రావణి ఎంచుకోవాలి?

సమాధానం 1 – సేంద్రియ ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు:
నేరుగా వర్తించదమ్మా. ట్రాన్సిస్టర్‌లో ప్రవాహం డైఎలెక్ట్రిక్ (విద్యున్నిరోధక పొర) అంచున కొన్ని నానోమీటర్ల మందంలో, పొరకు సమాంతరంగా సాగుతుంది. అక్కడ ఎలక్ట్రాన్ల సాంద్రత ఎక్కువ కనుక ట్రాప్‌లు (ఎలక్ట్రాన్లను పట్టి ఉంచే స్థానాలు) ముందే నిండిపోతాయి. మీ ఘటంలోనైతే ఎలక్ట్రాన్ పొరను కింది నుంచి పైకి దాటాలి. ఆ దిశలో డయోడ్లతో కొలిచిన విలువలు బాగా తక్కువ. అయినా పొర కొన్ని పదుల నానోమీటర్లే కాబట్టి దిగులు పడనవసరం లేదు.

నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది శక్తి స్థాయి. చాలా పాలిమర్లలో శూన్యస్థాయికి (ఎలక్ట్రాన్ పదార్థాన్ని పూర్తిగా విడిచే శక్తికి) సుమారు 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల దిగువన ఎలక్ట్రాన్లను పట్టివేసే ట్రాప్‌లు కనిపిస్తాయి. పాతతరం పీపీవీలు (కాంతినిచ్చే ఒక రకం పాలిమర్లు) హోల్‌లను బాగా మోసి, ఎలక్ట్రాన్లను మోయలేకపోవడానికి ఇదొక ప్రధాన కారణం. ఎన్2200 ఎలక్ట్రాన్ స్థాయి 4 ఎలక్ట్రాన్ వోల్టులకు దగ్గరగా, ఆ ట్రాప్‌ల కన్నా దిగువన ఉంటుంది. మీ పెరోవ్‌స్కైట్ వాహక పట్టీ (ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదిలే శక్తి స్థాయి) కూడా దాదాపు అక్కడే ఉన్నందున పెద్ద అడ్డంకి ఏర్పడదు.

సమాధానం 2 – పలుచని పొరల ప్రయోగశాల నుంచి:
ద్రావణిగా క్లోరోబెంజీన్ తీసుకోండి. అది ఎన్2200ను కరిగిస్తుంది, పెరోవ్‌స్కైట్‌ను కరిగించదు. ద్రావణాన్ని గోరువెచ్చగా కలిపి, వడగట్టి, నైట్రోజన్ గ్లవ్‌బాక్స్‌లోనే స్పిన్ చేయండి (వేగంగా తిప్పి పలుచని పొరగా పరచండి).

వెండి వైపు ఎలక్ట్రాన్లు సులువుగా దాటేందుకు పైన పీఈఐఈ (అమైన్‌లున్న ఒక పాలిమర్) వేయవచ్చు. ఇందులోని అమైన్ సమూహాలు లోహం వర్క్ ఫంక్షన్‌ను (దాని నుంచి ఎలక్ట్రాన్‌ను బయటకు తీయడానికి కావలసిన శక్తిని) తగ్గిస్తాయని 2012లో జార్జియా టెక్ బృందం చూపింది. అయితే పీఈఐఈ స్వతహాగా విద్యున్నిరోధకం. కొద్ది నానోమీటర్లకు మించితే ప్రవాహం పడిపోతుంది. దాన్ని ఐసోప్రొపనాల్‌లో వేస్తే ఎన్2200 చెదరదు గానీ, ఎన్2200 పొరలో ఎక్కడైనా సూది రంధ్రం ఉంటే ఆ ఆల్కహాల్ కిందికి దిగి పెరోవ్‌స్కైట్‌లోని మిథైల్ అమ్మోనియం అయొడైడ్‌ను కరిగిస్తుంది. అందుచేత పీఈఐఈ వేసే ముందు ఎన్2200 పొరను ఏఎఫ్ఎం (ఉపరితలాన్ని సన్నని మొనతో తడిమి చూపే సూక్ష్మదర్శిని) కింద తప్పక పరిశీలించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందుగా పీఈఐఈ లేకుండా ఎన్2200 మందాన్ని మాత్రమే మారుస్తూ ఘటాలు చేసి, ఫిల్ ఫ్యాక్టర్ (గరిష్ఠ వోల్టేజి, గరిష్ఠ ప్రవాహాల లబ్ధంలో నిజంగా అందే శక్తి వాటా) ఎలా మారుతుందో చూస్తాను.