స్ప్లెండర్‌కు పల్సర్ వెనక చక్రం పడుతుందా?

వర్ధన్నపేట పాలబండి:
నాన్న 2009లో కొన్న స్ప్లెండర్ మీద రోజూ తెల్లవారుజామున వర్ధన్నపేట నుంచి హనుమకొండకు పాలు తీసుకెళతాను. ఇటొకటి అటొకటి 40 లీటర్ల క్యాన్లు. ఈ ఏడాది వెనక చక్రం స్పోకులు నాలుగుసార్లు విరిగాయి. పోయిన వారం మామునూరు దాటాక ఒకేసారి మూడు తెగాయి. రిమ్ము ఊగిపోతుంటే బండి దిగి తోసుకుంటూ వెళ్లాను. నేను చేరేసరికి పాలు పోసే ఇళ్లలో పిల్లలు పాలు తాగకుండానే బడికి వెళ్లిపోయారు.

పాత సామాన్ల దుకాణంలో పల్సర్ 150 అల్లాయ్ చక్రం ఉంది. డ్రమ్ము బ్రేకు రకం, ధర 1,800. దాని టైరు 100/90-17, నాది 80/100-18. అంగుళం చిన్నది కదా, బండి కుంగి క్యాన్లు నేలకు తగులుతాయేమోనని భయం. లేత్ పని చేయించి బిగిస్తామని దుకాణంవారు అంటున్నారు. ఎవరైనా ఇలా చేశారా?

హనుమకొండ లెక్కల మాస్టారు:
ఎత్తు గురించి బెంగ వద్దు. టైరు కొలతలో మొదటిది వెడల్పు, రెండోది ఆ వెడల్పులో ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాలు. 18 అంగుళాలంటే 457 మిల్లీమీటర్లు. పైనా కిందా టైరు ఎత్తు ఎనభై చొప్పున కలిపితే మీ చక్రం 617. పల్సర్‌ది 432కు తొంభై చొప్పున రెండు కలిపితే 612. తేడా అర సెంటీమీటరే, నేలకు దిగేది అందులో సగం. మిగతా విషయాలు మెకానిక్కులు చెప్పాలి.

జమ్మికుంట రైతు:
నేను వేరే బండి చక్రం వేయించాను. నా ఇరుసుకు సరిపడేలా బుష్షులు తిప్పించి బిగించారు. రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం కాస్త పొట్టిదైంది. నట్టు బిగించినప్పుడల్లా బేరింగుల మీద పక్క ఒత్తిడి పడి, హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, ముట్టుకోలేనంత వేడెక్కేది. రెండుసార్లు బేరింగులు పోయాక పాత చక్రమే వేసుకున్నాను.

కాజీపేట మెకానిక్:
తమ్ముడూ, ఆ చక్రం కొనవద్దు. ఇరుసు, బేరింగు, స్పేసర్లు ఖర్చు పెడితే కుదురుతాయి. స్ప్రాకెట్ ముందుదానితో ఒకే గీతలోకి రాకపోతే చైను అరుగుతుంది, అదీ సరిచేయవచ్చు. నన్ను భయపెట్టేది బ్రేకు. పల్సర్ డ్రమ్ములో నీ బ్రేక్ ప్లేటు కూర్చోదు, పల్సర్ ప్లేటే వేయాలి. ఆ ప్లేటు తిరగకుండా పట్టి ఉంచేది స్టే రాడ్. దాని రంధ్రం, వెనక చక్రాన్ని పట్టుకునే నీ స్వింగ్ ఆర్మ్ మీది రంధ్రం ఎదురెదురుగా రావు. అక్కడ వెల్డింగ్ మొదలవుతుంది.

పద్నాలుగేళ్ల కిందట ఒక కూరగాయల వ్యాపారికి నేనే అలా చేసి ఇచ్చాను. ములుగు రోడ్డులో గట్టిగా బ్రేకు తొక్కగానే వెల్డింగ్ ఊడి, ప్లేటు చక్రంతో పాటు తిరిగి, రాడ్డు చుట్టుకుని చక్రం బిగిసిపోయింది. ఆయన భుజం ఎముక విరిగింది. ఆసుపత్రికి వెళ్లి నా తప్పేనని ఆయన భార్యకు చెప్పాను. ఆ రోజు నుంచి నా దుకాణంలో స్టే రాడ్‌కు వెల్డింగ్ చేయలేదు, చేయను.

నీ జబ్బు హబ్బులో లేదు. విరిగినప్పుడల్లా విరిగిన స్పోకులే మార్పిస్తున్నావు కదా? పక్కవి అప్పటికే అలసిపోయి ఉంటాయి. కొత్తవాటి బిగువు వేరు, పాతవాటి బిగువు వేరు. అందుకే వరుసగా తెగుతున్నాయి. నీ హబ్బే ఉంచి కొత్త రిమ్ము వేయించు, మొత్తం 36 స్పోకులూ ఒకేసారి మార్పించు. ఒక గేజి లావుగా ఉన్నవి అడుగు, సంఖ్య తగ్గితే తీగ లావు. రిమ్ము రంధ్రాలు, స్పోకులను బిగించే నిపుళ్లు ఆ లావుకు సరిపడేవే ఉండాలి. కట్టిన వారం తర్వాత మళ్లీ బిగువు చూపించాలి, చాలామంది ఇది మరచిపోతారు.

ఇంకొకటి. టైరు పక్కన కొలత తర్వాత ఒక సంఖ్య, ఒక అక్షరం ఉంటాయి. అవి చూసి చెప్పు.

వర్ధన్నపేట పాలబండి:
అన్నా, ఇప్పుడే టార్చి వేసి చూశాను. 47పి అని ఉంది. నిరుడు మార్పించిన టైరు ఇది.

కాజీపేట మెకానిక్:
47 అంటే ఆ టైరు మోయగలిగేది 175 కిలోలు. పాలు, క్యాన్లు 90 దాటతాయి. నీ బరువులో, బండి బరువులో వెనక్కి వచ్చే వాటా కలిపితే 200కు దగ్గర పడుతుంది. అదే కొలతలో 54 ఉన్న టైరు అడిగి తీసుకో, అది 212 వరకు మోస్తుంది. అదీ అంచే కాబట్టి ఒక్కో క్యానులో పది లీటర్లు తగ్గించి, మిగతాది రెండో విడతలో తీసుకెళ్లు. ఆదివారం పాలు పోశాక చక్రం విప్పి తీసుకురా, దగ్గర ఉండి కట్టిస్తాను.

వర్ధన్నపేట పాలబండి:
వస్తాను అన్నా. అల్లాయ్ వద్దని దుకాణానికి ఫోను చేసి చెప్పాను.