నాఫ్తలీన్ నేరుగా ఆవిరి కాకుండా కరిగిపోతోంది, ఏం చేయాలి?

ఎల్లుండి మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఉత్పతనం (ఘనపదార్థం కరగకుండా నేరుగా ఆవిరి కావడం) చేసి చూపించాలి. అమ్మోనియం క్లోరైడ్ మా ఊళ్లో దొరకలేదు. అందుకని రెండు నాఫ్తలీన్ ఉండలు పొడి చేసి, చెంచాడు ఉప్పులో కలిపాను. పింగాణీ గిన్నెలో వేసి, పైన గాజు గరాటు బోర్లించి, కాడలో దూది పెట్టి స్పిరిట్ దీపంపై వేడిచేశాను. రెండు నిమిషాలకే నాఫ్తలీన్ నీళ్లలా కరిగింది. గరాటుకు పల్చటి తెల్లని పొర తప్ప ఏమీ అంటలేదు. దీపం తీసేశాక కరిగిందంతా ఉప్పుతో కలిసి గడ్డకట్టింది.

తర్వాత దీపాన్ని నాలుగు అంగుళాలు కిందికి దించాను. ఈసారి ఐదు నిమిషాలు పట్టింది కానీ మళ్లీ కరిగింది. గరాటుకు తడిగుడ్డ చుట్టినా పొర కాస్త మందమైందంతే. నాఫ్తలీన్ 80 డిగ్రీల దగ్గర కరుగుతుందని తెలుసు. అంతకన్నా తక్కువ వేడిలోనూ అది నేరుగా ఆవిరవుతుంది, బీరువాలో ఉండలు చిక్కిపోయేది అందుకే కదా. పిల్లలు ఆ మార్పును కళ్లారా చూడాలని నా కోరిక. కర్పూరం ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దాని జోలికి పోలేదు.

45 నిమిషాల పీరియడ్‌లో నాఫ్తలీన్ కరగకుండా గరాటుకు స్ఫటికాలు పట్టాలంటే, గిన్నెను మంటపై కాకుండా 70 డిగ్రీల వేడినీళ్లపై పెడితే సరిపోతుందా?