నాన్నగారితో కలిసి తొలిసారి గోల్ఫ్ కోర్సుకు: స్కైవేలో వీలవుతుందా?

గోదావరిగట్టు:
జర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర ఉంటాను. నాకు 41 ఏళ్లు, అకౌంట్స్ ఉద్యోగం. ఏడాదిగా ప్రాక్టీసు రేంజిలో బంతులు కొడుతున్నానే తప్ప అసలు కోర్సులో అడుగు పెట్టలేదు. పది కొడితే నాలుగు తిన్నగా పోతాయి, మిగతావి కుడివైపుకు అలిగి వెళ్లిపోతాయి. లింకన్ పార్కులోని స్కైవే కోర్సు ఇంటికి దగ్గర. తొమ్మిది హోల్సే, పైగా కౌంటీది కాబట్టి రుసుము ప్రైవేటు క్లబ్బుల్లా భయపెట్టదు. నా దగ్గరున్నవి ఎవరో వాడి అమ్మేసిన ఏడు క్లబ్బులు. అవి చాలా?

వెనుక వచ్చేవాళ్లు విసుక్కుంటారేమోనని ఒక భయం. ఇక అసలు చిక్కు నాన్నగారు. 72 ఏళ్లు, రాజమండ్రి నుంచి వచ్చి నెలయింది. రోజూ తెల్లవారుజామున గోదావరి గట్టున నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషికి ఇక్కడ బాల్కనీలో పదహారు అడుగులే గతి. "నువ్వు కొట్టుకో, నేను పక్కన నడుస్తాను" అంటున్నారు. గొడుగుతో సహా! రానిస్తారా?

పాతబంతి:
ఏడు క్లబ్బులు పుష్కలం. నియమం 14 మించకూడదనే గాని ఇన్ని ఉండి తీరాలని కాదు. కొత్త బంతులు మాత్రం కొనకండి. పాతవి ఒక డజను సంచిలో వేసుకోండి.

242వ వీధి:
నేను ఆట నేర్చుకున్నది బ్రాంక్స్‌లోని వ్యాన్ కోర్ట్‌లాండ్ పార్కులో. 1895లో తెరిచారు, అమెరికాలో తొలి ప్రజా గోల్ఫ్ కోర్సు అదే. 1 నంబరు రైలు చివరి స్టేషన్లో దిగి, క్లబ్బుల సంచి భుజాన వేసుకుని పోయేవాణ్ణి. బోగీలో అందరూ నన్ను చేపలు పట్టేవాణ్ణనుకునేవారేమో!

అమ్మా, ఎంత అధ్వానంగా ఆడినా ఎవరూ ఏమీ అనరు. నెమ్మదిగా ఆడితేనే అంటారు. పోయిన బంతిని వెతకడానికి 2019కి ముందు అయిదు నిమిషాలిచ్చేవారు, ఇప్పుడు మూడే. మీరు ఆ మూడూ వాడుకోకండి. పార్‌కు, అంటే ఆ హోలుకు ఇన్ని దెబ్బలు చాలని పెట్టిన లెక్కకు, రెట్టింపు దెబ్బలైనా బంతి గుంటలో పడకపోతే జేబులో వేసుకుని తర్వాతి హోలుకు నడవండి. సరదా ఆటే కదా. వెనుక వాళ్లు ఆగి ఉంటే పక్కకు తప్పుకుని వాళ్లను ముందు పొమ్మనండి. నాన్నగారి సంగతి ముందు ఫోను చేసి అడగండి. ఎవరు కొడుతున్నా ఆయన బంతికి ముందువైపు నిలబడకూడదు. బంతి మీదికొస్తోందని హెచ్చరించే "ఫోర్" అన్న కేక వినపడితే ఎటు అని చూడకుండా తల కప్పుకోవాలి.

ఎదురుగాలి:
స్కైవే ఒకప్పటి చెత్తదిబ్బ మీద మట్టి కప్పి కట్టిన కోర్సు, 2015లో తెరిచారు. పక్కనే హాకెన్‌సాక్ నది. గాలిని ఆపడానికి చెట్లు పెద్దగా లేవు. గొడుగు తిరగబడుతుంది, టోపీ మేలు. పొడుగు గడ్డిలోకి వెళ్లిన బంతికి దూరం నుంచే నమస్కారం పెట్టండి.

గోదావరిగట్టు:
శనివారం వెళ్లొచ్చాం. అంత రద్దీ లేదు కాబట్టి నాన్నగారిని రమ్మన్నారు. మాతో ఇద్దరు రిటైరైన పెద్దమనుషులను కలిపారు. మొదటి టీ (హోలు ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర చేతులు వణికి బంతికి తగలకుండానే గాలిని కొట్టాను. స్కోరు కార్డు నాన్నగారి చేతిలో ఉంది. ముప్పై ఏళ్లు ట్రెజరీలో పనిచేసిన మనిషి, వెంటనే ఒకటి వేశారు. "తగల్లేదు కదా నాన్నా" అంటే ఆ పెద్దమనుషుల్లో ఒకరిని అడిగారు. కొట్టాలని ఊపితే లెక్కేనని ఆయన చెప్పారు. ఇక నాన్నగారి సంతోషం చూడాలి! తొమ్మిది హోల్స్‌కు 74 అని తేల్చి, కింద సంతకం కూడా పెట్టారు.

గొడుగు తెరవలేదు. దాని మొనతో గడ్డి పాయలు తీస్తూ నడిచారు. నేను పోగొట్టినవి నాలుగు బంతులు, ఆయన ఏరుకొచ్చినవి తొమ్మిది. అవిప్పుడు వంటింటి సింకులో సబ్బునీళ్లలో నానుతున్నాయి.

242వ వీధి గారూ, ఆ చివరి స్టేషన్లో దిగాక ఎంత నడవాలి? నాన్నగారు అడగమన్నారు. మరీ దగ్గరైతే రారట.